వాటం తెలిసిన చేతులు

గోలిగుండును వేలితో కొట్టే పని లేదు, చేత్తో తోసే పని లేదు. అది ఉన్న నేలను వంచాలి. నేల ఎటు వాలితే గుండు అటు దొర్లుతుంది. ‘కొరోరిన్పా’ అనే వీడియో గేమ్‌లో ఆడేవాళ్లు చేసేదంతా ఇంతే. జపాన్‌లో నింటెండో వాళ్ల ‘వీ’ గేమ్ పెట్టె అమ్మకానికి వచ్చిన రోజునే, అంటే 2006 డిసెంబర్ 2న, హడ్సన్ సాఫ్ట్ కంపెనీ ఈ ఆటనూ విడుదల చేసింది. టీవీ తెర మీద గాలిలో తేలుతున్న ఒక చిక్కుదారి కనబడుతుంది. మన చేతిలో పొడుగాటి రిమోటు. దాన్ని ఎడమకు వంచితే దారి మొత్తం ఎడమకు వాలుతుంది, ముందుకు వంచితే ముందుకు. దారిలో అక్కడక్కడా ఉన్న నారింజరంగు స్ఫటికాలన్నిటినీ ఏరుకుంటూ గుండును గమ్యం చేర్చాలి. అంచు దాటితే గుండు పాతాళానికి, మనం వెనక్కి.

మా అక్క కొడుకు అమెరికాలో ఆడి ఆడి పక్కన పెట్టిన ఆ పెట్టెను ఒక సెలవుల్లో కమలాపురం తెచ్చి మా ఇంట్లోనే వదిలిపెట్టి పోయినాడు. పోయే ముందు పక్కన కూర్చుని నాకు నేర్పించినాడు. “మామా, నువ్వు గుండును చూస్తాండావు. గుండును చూడొద్దు, అది పోబోయే చోటు చూడు” అన్నాడు. వాడికిప్పుడు ఆ ఆట గుర్తుందో లేదో తెలియదు. నేను మాత్రం రాత్రి భోజనాలయ్యాక ఆ రిమోటు పట్టుకునే అలవాటు మానలేదు. మగ్గం మీది చేతుల గురించి, కుమ్మరి సారె మీది చేతుల గురించి ఈ శీర్షికలో రాశాను. ఈ రిమోటు పట్టిన చేతులు నేర్చుకునే విద్య కూడా ఆ వరసలో నిలబడగలదని నా నమ్మకం. ఈ వారం దాని గురించే.

మా ఊళ్లో గోలిగుండ్లాట తెలియనివాళ్లు లేరు. ఎడమ బొటనవేలు నేలకు ఆనించి, నడిమి వేలి కొస మీద గుండు పెట్టి, కుడిచేత్తో ఆ వేలిని వెనక్కి వంచి వదులుతారు. గురి కుదిరితే అవతలి గుండు ఠపీమని ఎగిరిపోతుంది. చూడడానికి ఎంతో సొగసైన విద్య. కానీ వేలు వదిలేదాకే ఆ గుండు మీద మన పెత్తనం. వదిలాక దాని బతుకు దానిది. నేలలో నెర్రె ఉంటే అందులో పడుతుంది, గులకరాయి అడ్డమొస్తే పక్కకు పోతుంది, మనం నిలబడి అరవడం తప్ప చేసేదేమీ ఉండదు. తెర మీది ఆటలో అలా చేతులు దులుపుకోవడానికి లేదు. గుండు కదిలినంతసేపూ నేల మన చేతిలోనే ఉంటుంది. అది పడిపోతే పడేసింది మనమే. రెండూ గుండ్లాటలే అయినా, రెండూ చేతినుంచి అడిగేవి వేరు.

    

నేలను వంచి గుండును నడిపించే ఆలోచన టీవీలకంటే చాలా ముందుది. 1889లో అమెరికాలో చార్లెస్ క్రాండల్ అనే బొమ్మల తయారీదారు అరచేతిలో పట్టే ఒక గుండ్రటి పెట్టె తెచ్చాడు. వలయాల మధ్య సందులు, వాటిలోంచి చిన్న గుండ్లను నడుపుకుంటూ నడిమధ్య దొడ్డిలోకి తోలాలి. ఆ గుండ్లు పందులట, ఆ దొడ్డి వాటి కొట్టమట. ఆ ఏడాది ఆ దేశాన్ని ఆ ఆట పిచ్చెక్కించింది. సెనేటర్లు కూడా పనులు మానుకుని అది పట్టుకుని కూర్చున్నారు. తర్వాత 1946లో స్వీడన్‌లోని బ్రియో కంపెనీ రెండు పక్కలా మరలున్న చెక్కపెట్టె చేసింది. మరలు తిప్పితే పైపలక వాలుతుంది, ఉక్కుగుండు గుంతల మధ్య నుంచి తప్పించుకుంటూ గీసిన గీత వెంట పోవాలి. ఇవి తెలిశాక కొరోరిన్పాను కొత్త వింత అనబుద్ధి కాదు. దానికి తాతముత్తాతలున్నారు.

వీడియో గేమ్‌ల్లోకి గుండును తెచ్చి నిలబెట్టింది మాత్రం ‘మార్బుల్ మ్యాడ్‌నెస్’. 1984 డిసెంబర్‌లో అటారీ గేమ్స్ దాన్ని ఆటల అంగళ్లకు పంపింది. కట్టినవాడు మార్క్ సెర్నీ. పదిహేడేళ్లకే అటారీలో చేరి, ఇరవై ఏళ్లు నిండే వయసుకు ఈ ఆటను చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ప్లేస్టేషన్ 4, ప్లేస్టేషన్ 5 యంత్రాల నిర్మాణానికి పెద్ద శిల్పిగా నిలిచింది కూడా ఆయనే. చిన్నపాటి గోల్ఫ్ మైదానాల ఎత్తుపల్లాలు, చిత్రకారుడు ఎషర్ గీసిన మాయమెట్ల బొమ్మలు ఆయన్ను ఈ ఆటవైపు లాగాయి. ఏటవాలుగా పైనుంచి చూస్తున్నట్టు గీసిన గళ్ల నేల, అందులో లోయలు, గట్లు, వంతెనలు. ఆడేవాడి ముందు మీట ఉండదు, బల్లలో బిగించిన ఒక పెద్ద బంతి ఉంటుంది. అరచేత్తో ఆ బంతిని ఎంత వడిగా తిప్పితే తెర మీది గుండు అంత వడిగా దొర్లుతుంది. ఆ బంతికి లోపల మోటారు పెట్టాలని సెర్నీ మొదట అనుకున్నాడు. పల్లంలోకి దిగేటప్పుడు చేతికింది బంతి కూడా తనంతట తాను వేగం అందుకోవాలని ఆయన కోరిక. అది కుదరలేదు. నాకు ఆ కుదరని కోరిక అంటేనే ఎక్కువ ఇష్టం. గుండు బరువు ఆడేవాడి అరచేతికి తెలియాలని ఆ కుర్రవాడు పట్టుబట్టాడంటే, ఈ ఆట ప్రాణం ఎక్కడుందో ఆయనకు అంత చిన్న వయసులోనే తెలిసింది.

ఆ ఆటలో ఆరు పందేలు. ఐదోదానిలో లోకం తిరగబడుతుంది. గుండు పల్లం నుంచి మెరకకు దొర్లుతుంది, అప్పటిదాకా చేతులు నేర్చుకున్నదంతా పనికిరాకుండా పోతుంది. అంతవరకూ ఆడి వచ్చిన చేతులకే ఆ తిరకాసులోని ఆనందం తెలుస్తుంది.

మార్బుల్ మ్యాడ్‌నెస్‌తో నాకున్న ఒకే ఒక్క పేచీ గడియారం. ప్రతి పందేనికీ ఇన్ని సెకన్లని గడువు. మిగిలిన సెకన్లు తర్వాతి పందేనికి జమ. అంగట్లో పెట్టిన యంత్రానికి అది తప్పదు, ఒకడు నాణెం వేసి గంటసేపు నిలబడితే వెనక ఉన్నవాడి నాణెం పడదు. ఒకప్పుడు మన కడప, ప్రొద్దుటూరుల్లో టీవీకి తగిలించిన గేమ్ పెట్టెలను గంటల లెక్కన అద్దెకిచ్చే అంగళ్లలోనూ ఇదే తంతు. భుజం మీద ఇంకొకడి గడ్డం ఆనుకుని ఉంటే నిదానంగా ఆడేదెట్లా? 1989లో మార్బుల్ మ్యాడ్‌నెస్ నింటెండో ఇంటి పెట్టెకు వచ్చింది. తెర మీది దారులు ఏటవాలుగా ఉంటాయి గనక మీటను నిలువుగా పట్టుకుంటారా, ఏటవాలుగా పట్టుకుంటారా అని ఆట ముందే అడిగేది. అంత శ్రద్ధ చూపినా గడియారాన్ని మాత్రం తీసేయలేదు. ఇంట్లో నాణెం వేసేవాడెవడూ లేడు, వెనక నిలబడేవాడూ లేడు. గుండ్లాటకు అసలైన చోటు ఇల్లేనని నేను అనుకోవడానికి ఇదే కారణం. ఇంట్లో తొందర లేదు. తొందర లేనిచోటే ఈ ఆట విప్పారుతుంది.

2001లో సెగా వాళ్ల ‘సూపర్ మంకీ బాల్’ గేమ్‌క్యూబ్ పెట్టెతో పాటు వచ్చి పెద్ద పేరు తెచ్చుకుంది. తోషిహిరో నగోషి బృందం చేసింది. గాజులాంటి గోళంలో ఒక కోతి, దారి పొడవునా అరటిపళ్లు. గుండు ఒట్టి గుండైతే తిరుగుతోందో జారుతోందో కంటికి ఆనదు. లోపల కోతి పరుగెత్తుతుంటే వేగం ఇట్టే కనబడుతుంది. తెలివైన పని. కానీ అక్కడా గడియారమే.

కొరోరిన్పాలో తొందరపడినవాడికి పతకం ఉంటుంది. తొందరపడనివాడికి శిక్ష లేదు. అందుకే నేను దాని దగ్గర ఆగిపోయాను.

అందులో నాకు నచ్చే చోటు ఎక్కువగా ఇలా ఉంటుంది. రెండు పక్కలా గోడలేని ఒక సన్నటి పలక. వెడల్పు గుండుకు రెండింతలుంటుందేమో. కొంతదూరం పోయాక దారి కుడికి మలుగుతుంది, మలుపు దగ్గర ఆనుకోవడానికి ఏమీ ఉండదు. రిమోటును అడ్డంగా రెండు చేతుల్లో పట్టుకుని ముందుకు ఏ కాస్తో వంచుతాను. గుండు కదలదు. ఇంకాస్త వంచబుద్ధవుతుంది, వంచకూడదు. ఆగితే చాలు. మెల్లగా, అసలు దొర్లుతోందా అన్నంత మెల్లగా బయలుదేరుతుంది. పలక సగం దాటేసరికి దానికి కాళ్లొస్తాయి. అప్పుడు రిమోటును చదును చేస్తే సరిపోతుందని చెయ్యి అనుకుంటుంది. చదును చేస్తే గుండు ఆగదు, అదే వేగంతో పోయి అంచు దాటుతుంది. చదును దాటించి వెనక్కి వంచాలి, అదీ మలుపు దగ్గర కాదు, సగం దారిలోనే.

ఎందుకు సగం దారి? దీనికి గెలీలియో దగ్గర జవాబుంది. ఏటవాలు చెక్కలో గాడి తొలిపించి, దానికి తోలుకాగితం అతికించి, కంచుగుండును దొర్లించి చూశాడాయన. కాలాన్ని సన్నటి ధారగా కారే నీళ్లతో కొలిచాడు. 1638లో అచ్చయిన పుస్తకంలో ఆ వివరమంతా ఉంది. మొదటి క్షణంలో గుండు ఒక్క బెత్తెడు పోతే, రెండో క్షణంలో మూడు, మూడో క్షణంలో ఐదు, నాలుగో క్షణంలో ఏడు. నిజమైన నేల మీద ఒకే ఒక్క డిగ్రీ వాలు మీద గాజుగుండును వదిలితే మొదటి సెకనులో అది పోయేది ఆరు సెంటీమీటర్లే. నాలుగో సెకను ముగిసేసరికి దాదాపు మీటరు దూరం పోయి ఉంటుంది. అందులోనూ దొర్లే గుండు జారే వస్తువుకన్నా సోమరి. జారేదానికి వచ్చే వేగంలో ఏడింట ఐదు వంతులే దానికి ముందుకు దక్కుతుంది, మిగతాది తన చుట్టూ తాను తిరగడానికి పోతుంది. ఇక ఆపడం. నాలుగు సెకన్లు ఒక డిగ్రీ ముందుకు వంచి ఇచ్చిన వేగాన్ని తీసేయాలంటే నాలుగు సెకన్లు ఒక డిగ్రీ వెనక్కి వంచాలి. ఆ నాలుగు సెకన్లలోనూ అది ఆగుతూనే మరో మీటరు పోతుంది. రెండు మీటర్ల పలక మీద మీటరు దగ్గర చెయ్యి వెనక్కి తిరగకపోతే గుండు దక్కదు.

ఈ లెక్క ఆడేవాడికి రానక్కర్లేదు. చేతికి వస్తే చాలు. గుండు ఇంకా హాయిగా పోతున్నప్పుడే, ఎదురుగా ఇంకా సగం దారి ఖాళీగా కనబడుతున్నప్పుడే, చెయ్యి దాన్ని ఆపడం మొదలుపెట్టాలి. కంటికి అది ఎప్పుడూ తొందరపాటుగానే అనిపిస్తుంది. కన్ను ఒప్పుకోకపోయినా చెయ్యి ఒప్పుకునే స్థితి రావడమే ఈ ఆటలో సాధన. మేనల్లుడు చెప్పిన “పోబోయే చోటు చూడు” అన్న మాటకు పూర్తి అర్థం నాకు అప్పటికి గానీ ఒంటబట్టలేదు.

వాలు అంటే ఏమిటో నాకు తెర ముందు కన్నా ముందే మా ఇంటి వసారాలో ఒక మేస్త్రి చూపించాడు. ఎర్రగుంట్ల చుట్టుపక్కల, అటు బేతంచెర్ల వైపు, భూమిలో నాపరాయి పొరలు పొరలుగా పేర్చినట్టు దొరుకుతుంది. ఆ పొర వెంట ఉలి పెడితే పలకలుగా విడివడుతుంది. దేశమంతా కడప బండ అని పిలుచుకునే రాయి అది. మా కమలాపురంలో పాత ఇళ్ల నేలలు ఎక్కువగా ఈ బండలే. ఎండకాలం పొద్దున వాటి మీద ఒట్టికాళ్లతో నడిస్తే తెలుస్తుంది ఆ రాయి సుఖం. మేస్త్రి గోడ నుంచి గోడకు దారం లాగి, కింద మెత్తగా కలిపిన సున్నంసిమెంటు పరిచి, బండను దించి, సుత్తి పిడితో ఒక మూల, ఇంకొక మూల తట్టుతూ కూర్చోబెట్టాడు. మధ్యమధ్యలో రసమట్టం పెట్టి బుడగను చూసేవాడు. బుడగ సరిగ్గా మధ్యలో ఉంటే తట్టి పక్కకు పంపేవాడు. నాకు ఆశ్చర్యం వేసింది. మట్టసంగా ఉండడం మంచిదే కదా అని అడిగాను.

“వసారాకు మట్టం పనికిరాదు సార్. పదడుగులకు రెండంగుళాలు దించినాను. వాటం ఎక్కువైతే ముసలోళ్లు జారి పడ్తారు, తక్కువైతే వాననీళ్లు గడప కాడ నిలబడ్తాయి” అన్నాడు.

పదడుగులకు రెండంగుళాలంటే దాదాపు ఒక డిగ్రీ. సందుల్లో సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది గనక నీళ్లు పోసి చూసే వీలు లేదు. అంతకుముందే వీధిలో పిల్లలను అడిగి తెచ్చుకున్న ఒక గోలిగుండును గడప దగ్గరి బండ మీద పెట్టి వదిలాడు. మొదట అది ఆలోచిస్తున్నట్టు ఉండిపోయింది. తర్వాత కదిలింది. మూడో బండ దాకా తిన్నగా వచ్చి, అక్కడ కాస్త ఎడమకు ఒరిగింది. మేస్త్రి ఏమీ అనలేదు. ఆ బండను లేపి, కింద గుప్పెడు సిమెంటు తీసి, మళ్లీ కూర్చోబెట్టాడు. రెండోసారి గుండు తిన్నగా తూము దాకా పోయింది.

వసారా దాటేసరికి ఆ గుండు ఎంత వేగం అందుకుందో, ఎక్కడ ఒరిగిందో మేస్త్రి చూసిన చూపు వేరు. ఆయనకు నేలలోని తప్పు గుండు నడకలో కనబడింది. మంచి గుండ్లాటను కట్టేవాడూ ఇదే పని చేస్తాడని నా అభిప్రాయం. తను పరిచిన దారిలో ఎక్కడ ఎంత వాటం ఉండాలి, ఏ మలుపు ముందు గుండుకు ఎంత వేగం రావాలి, ఆడేవాడి చెయ్యి ఎక్కడ నుంచి వెనక్కి తిరగాలి, ఇవన్నీ ఆట బయటికి రాకముందే ఆయన గుండును వదిలి వదిలి చూసుకుని ఉండాలి. మనకు తెర మీద అందమైన రంగులు కనబడతాయి. ఆయన పరిచింది వాటం. కొరోరిన్పాలో దారిని ఒక్కోసారి పూర్తిగా పక్కకు తిప్పాల్సి వస్తుంది, అప్పటిదాకా గోడగా ఉన్నది నేల అవుతుంది. గోడ కట్టేటప్పుడే అది ఏదో ఒకనాడు నేల అవుతుందని తలచుకుని కట్టిన పనితనం చూస్తే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇలాంటి ఆటలు ఇంకా ఉన్నాయి. 2005లో ‘మెర్క్యురీ’ అని చేతిలో పట్టుకునే ప్లేస్టేషన్‌కు వచ్చింది. అందులో గుండుకు బదులు పాదరసం బొట్టు, పదునైన మూల తగిలితే రెండుగా చీలుతుంది. మన మేస్త్రులు రసమట్టం అని పిలిచేదానికి దగ్గరి చుట్టమే. ఎక్స్‌బాక్స్ 360కి ‘మార్బుల్ బ్లాస్ట్ అల్ట్రా’ 2006లో వచ్చింది. అందులో గుండు ఎగురుతుంది కూడా, నాకు అది ఎక్కువ రుచించలేదు. ఎగిరే గుండుకు నేలతో పేచీ తప్పిపోతుంది. 2018లో నింటెండో స్విచ్‌కు ‘మార్బుల్ ఇట్ అప్’ వచ్చింది. అదీ వేగానికి పెద్దపీట వేసినదే. వేగం కావాలనుకునే పిల్లలకు అవి బాగుంటాయి, వాళ్లను కాదనను.

పిల్లలు తెరలకు అతుక్కుపోతున్నారని ఇళ్లల్లో పెద్దవాళ్లు బాధపడుతుంటే నేను కూడా వింటుంటాను. బాధపడదగ్గ ఆటలు చాలానే ఉన్నాయి, ఒప్పుకుంటాను. కానీ తెర మీది ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. చంపడం, కొట్టడం, డబ్బులు కట్టించుకోవడం ఏమీ లేకుండా, పదేళ్ల పిల్లాడూ వాడి నాయనమ్మా పక్కపక్కన కూర్చుని ఒకే రిమోటును వంతులవారీగా పట్టుకోగలిగిన ఆట కొరోరిన్పా. మా ఇంట్లో అలా పట్టుకున్నారు. పెద్దావిడ మణికట్టు వంచేది అతి తక్కువ, పిల్లాడు వంచేది అతి ఎక్కువ. ఆమె గుండు ఆలస్యంగానైనా చేరేది. “అవ్వా, నీది దొర్లతాందా లేదా?” అని వాడు అడిగితే, “దొర్లుతుందిలే నాయనా, దాన్ని తరమాకు” అనేది. ఇంట్లో ఈ ఆటను పిల్లలకు ఇవ్వాలనుకునేవాళ్లు మొదట పెద్దవాళ్ల చేతికి ఇచ్చి చూడమని నా సలహా.

నాకొక కోరిక ఉంది. తెలుగునేల మీద వీడియో గేమ్‌లు కట్టేవాళ్లున్నారు. 2017లో హైదరాబాద్‌లోని ఓగ్రె హెడ్ స్టూడియో ‘అసుర’ అనే ఆటను తయారుచేసి దేశంలో మంచి పేరు తెచ్చుకుంది. వాళ్లలాంటి వాళ్లెవరైనా ఒక గుండ్లాటకు మా సీమ నేలను తీసుకుంటే బాగుండును. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ అంచున ఒక దారి, మా ఊరికి దగ్గర్లో పాపాఘ్ని వచ్చి పెన్నలో కలిసే ఇసుకలో ఒక దారి. ఇసుకలో గుండు ఎంత బరువుగా, ఎంత మొండిగా దొర్లుతుందో చేతికి తెలియాలి. అన్నిటికన్నా మేలైనది బెలుం గుహలు. కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయవి. మా బండల జాతి సున్నపురాతినే నీళ్లు వేల ఏళ్లు తొలిచి తొలిచి మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలు చేశాయి. నీళ్లు ఎప్పుడూ వాటం వెంటే పోతాయి గనక అక్కడ దారులన్నీ ముందే గుండుకు సిద్ధంగా పరిచినట్టుంటాయి. పైన గుహ ముఖం దగ్గర గుండును వదలాలి. మెలికలు తిరుగుతూ, సన్నటి సందుల్లో గోడలకు తగులుతూ, వెడల్పాటి గదుల్లో దారి వెతుక్కుంటూ, నూట యాభై అడుగుల లోతున ఉన్న పాతాళగంగ దాకా దాన్ని దించాలి. బండల మీద గుండు పలికే చప్పుడు ఒక్కటే వినబడాలి. పక్కన గడియారం మాత్రం పెట్టొద్దు.